నాకు తెరుచుకుంటోంది

మా ఆఫీసులో "ఒక్క నిమిషం" అంటే అరపూట. ఎవరో వచ్చి నా కుర్చీ పక్కన నిలబడతారు, గొంతు సవరించుకుంటారు, "అక్కా, ఒక్క నిమిషం" అంటారు. నేను తల తిప్పకుండానే "ఏ కమాండు?" అని అడుగుతాను. వాళ్ళు చెప్తారు, నేను జవాబిస్తాను. వెళ్తూ వెళ్తూ "ఇదంతా ఎక్కడైనా రాసి పెడితే బాగుండేది కదక్కా" అని ఒక ఉచిత సలహా పడేసి పోతారు. అది రాసే ఉంది. రాసింది నేనే. ఆ ముక్క చెప్పే ఓపిక నాకు పోయి చాలా కాలమైంది.

మాది లిఫ్టులు తయారుచేసే కంపెనీ. లిఫ్టు ఏ అంతస్తుకి ముందు వెళ్ళాలి, తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలి, కరెంటు పోతే ఎక్కడ ఆగాలి, ఇవన్నీ దానికి చెప్పడానికి కంపెనీ పెట్టిన పెద్దాయన సొంతంగా ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. దానికి ఆయన పెట్టిన పేరు మహా గంభీరంగా ఉంటుంది, ఎవరూ వాడరు. సగానికి పైగా తలుపుల గొడవే కాబట్టి మేమంతా "తలుపుల భాష" అంటాం. మామూలు ప్రోగ్రామింగ్ భాషలో చిక్కొస్తే నెట్‌లో వెతుక్కోవచ్చు, చెప్పేవాళ్ళు కోకొల్లలు. మా భాష కోసం వెతికితే ఇంటికి తలుపులు చేసిచ్చేవాళ్ళు వస్తారు.

పెద్దాయన పోయాక ఆ భాష పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాకేదో బుర్ర ఎక్కువని కాదు. ఆయన గంటల తరబడి చెప్తుంటే ఏదో పనుందని లేచిపోకుండా కూర్చున్నది నేనే. ఆ భాషకి గైడు రాసిందీ నేనే. అలా నా పేరు పోయి "గైడక్క" మిగిలింది. గైడక్కని అడుగు, గైడక్కకి తెలుసు, గైడక్క చూసుకుంటుంది. నాకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత మండడానికి కూడా తీరిక లేకపోయింది.

చెల్లి ఫోన్ చేసింది అలాంటి నిమిషాల మధ్యలోనే. దానికి నెలలు నిండుతున్నాయి. మరిది ఓడలో ఇంజనీరు, నడిసముద్రంలో ఉన్నాడు. కాన్పు అయ్యాక గానీ ఒడ్డుకి రాడు. మాకు అమ్మ లేదు. క్రితంసారి ఇది పురిటి గదిలో ఒంటరిగా ఉంది. బిడ్డ దక్కలేదు. వార్త విని నేను రైలెక్కి చేరేసరికి అంతా తుడిచి శుభ్రం చేసేశారు. ఆ రోజు గురించి చెల్లి ఎప్పుడూ మాట్లాడదు, నేనూ కదపను.

"అక్కా, ఈసారి నాతో లోపలికి ఒకర్ని రానిస్తారంట. నువ్వు రావాలి."

"నువ్వు పిలవకపోయినా వస్తానే."

"నువ్వంటే నువ్వే. ఫోను చెవికి అంటించుకుని వరండాలో పచార్లు చేసే అక్క కాదు. నా చెయ్యి పట్టుకునే అక్క కావాలి నాకు. ఆ గదిలో మళ్ళీ ఒక్కదాన్నే ఉండలేనే."

దాని గొంతు మామూలుగానే ఉంది. ఆఫీసు ఫోన్లు ఆపేసి మరీ వస్తానని మాటిచ్చాను.

మా మేనేజరు మంచివాడే. ఎవరినీ కాదనలేడు, అలాగని అవుననీ అనలేడు. సెలవు చీటీ చూసి కాసేపు నీళ్ళు నమిలాడు.

"సెలవు మీ హక్కు మేడం. నేనెందుకు కాదంటాను? కాకపోతే, మీరు లేకపోతే సైట్లలో వాళ్ళ గతేంటి అని."

"డాక్యుమెంటేషన్ ఉంది కదండీ."

"ఎక్కడుంది?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఎక్కడుంది అంటే, అన్నిచోట్లా ఉంది. కొంత పాత వెబ్‌సైటులో, కొంత కొత్తదాంట్లో, కొంత ఎప్పుడో ఎవరికో నేనిచ్చిన మెయిలు జవాబుల్లో. వెతికితే మొదట వచ్చేది అన్నిటికంటే పాత పేజీ. ఇప్పటి లిఫ్టులకి అది చూసి రాస్తే తలుపు తెరుచుకోదు.

"అదంతా ఒక్కచోటికి చేర్చి ఒక్క లింకు ఇచ్చి వెళ్ళండి మేడం. ఎవడు ఏమడిగినా ఆ లింకు మొహాన కొడతాను. మీకు ఒక్క ఫోన్ రాదు. నాదీ పూచీ."

చేర్చడం మొదలుపెట్టాక తల ప్రాణం తోకకొచ్చింది. ఒక పేజీలో "వివరాలకు కింది పేజీ చూడండి" అని ఉంటుంది. కింది పేజీకి వెళ్తే "వివరాలకు పై పేజీ చూడండి" అంటుంది. బొమ్మలు ఉండాల్సిన చోట ఖాళీ గళ్ళు. భాష మొత్తంలో అందరినీ ఏడిపించే కమాండు ఒకటుంది. దాని పేజీలో పెద్దాయన రాసింది ఒకే ఒక్క వాక్యం: ఇది అందరికీ తెలిసిందే. ఆ మహానుభావుడి మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, ఆ వాక్యం చదివినప్పుడు మాత్రం పైకే తిట్టాను. పక్క సీటు అమ్మాయి ఉలిక్కిపడి చూసింది. అలా ఆఫీసు పని చేసుకుంటూనే, ఒక్క నిమిషాలకి జవాబిస్తూనే, మెడ పట్టేసి కళ్ళు మంట పుట్టేదాకా కూర్చుని, చెల్లడిగిన మాట తలుచుకుంటూ మొత్తం తిరగరాశాను.

కొత్తగా సెక్యూరిటీ విభాగం వాళ్ళు పత్రాలు దాచుకునే చోటు ఒకటి పెట్టారు. ఏదైనా అక్కడే ఉంచాలని ఆర్డరు. పెట్టాను. లింకు వచ్చింది. నొక్కాను, తెరుచుకుంది. మేనేజరు స్వయంగా నా సీటు దగ్గరికొచ్చి "ఏదీ, ఓసారి తెరవండి మేడం" అన్నాడు. తెరిచాను. ఇద్దరం నా తెరమీద చూసి మురిసిపోయాం. లింకు అందరికీ పంపేశాను.

మర్నాటినుంచి మొదలు. "అక్కా, లింకు తెరుచుకోవట్లేదు."

"నాకు తెరుచుకుంటోంది" అన్నాను.

నా కోపానికీ కారణముంది. ఇన్నేళ్ళుగా వీళ్ళ సాకులన్నీ విన్నదాన్ని. పేజీ దొరకలేదు, అక్షరాలు చిన్నవి, ఫోన్లో సరిగా కనపడట్లేదు, చదువుదామనుకునేసరికి మీటింగు పడింది. ఇప్పుడు తెరుచుకోవట్లేదట! చదవడానికి బద్ధకించేవాడికి తలుపు బార్లా తీసిపెట్టినా తెరుచుకోదు. సైట్ టెక్నీషియన్ ఒకాయన, ఎండలోనూ ఇంట్లోనూ టోపీ తియ్యడు కాబట్టి అందరూ టోపీ అంటారు, ఆయనా ఫోన్ చేశాడు.

"గైడక్కా, ఇదేదో అనుమతి అడుగుతోంది."

"అడిగితే నొక్కండి."

"నొక్కాను. పంపాం, వేచి ఉండండి అంటోంది."

"అయితే వేచి ఉండండి!" అని ఫోన్ పెట్టేశాను. ఆ సాయంత్రమే ఆఫీసు నోటిఫికేషన్లు రాకుండా ఫోన్లో అన్నీ ఆపేసి చెల్లి ఇంటికి బయల్దేరాను.

చెల్లి ఇంట్లో పుట్టబోయే బిడ్డ కోసం ఒక్క గుడ్డముక్క కొని లేదు. సొరుగు ఒకటి ఖాళీ చేసి పెట్టుకుంది, అంతే. "కొంటే మళ్ళీ..." అని ఆగిపోయింది. రోజూ పొద్దున్న నడిచొచ్చి, ఇద్దరం మంచంమీద వెల్లకిలా పడుకుని మరిదిని ఆడిపోసుకుంటూ గడిపాం. నాకు ఎంత నిద్రొచ్చేదంటే, కూర్చున్నచోటే కునుకు పట్టేది. మెలకువొస్తే మాత్రం చెయ్యి ఫోన్ కోసం తడుముకునేది.

"దురద వచ్చినట్టు ఆ చెయ్యి అటే పోతోంది చూడు" అని చెల్లి నవ్వేది.

ఒకరోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కాన్పుల వార్డు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు దగ్గరికి వెళ్ళేసరికి దానికి అడ్డంగా పసుపు గొలుసు కట్టి ఉంది. గొలుసుకి బోర్డు వేలాడుతోంది: మరమ్మతులు జరుగుతున్నాయి, అసౌకర్యానికి చింతిస్తున్నాం. కింద మా కంపెనీ గుర్తు.

పక్కన మెట్లమీద, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని టోపీ కూర్చుని ఉన్నాడు.

"గైడక్కా!" అని దేవుడు ప్రత్యక్షమైనట్టు లేచాడు. చెల్లిని చూశాడు, దాని పొట్ట చూశాడు, మొహం మాడ్చుకుని మళ్ళీ కూర్చున్నాడు. "ఏం లేదక్కా. మీరు వెళ్ళండి, వెళ్ళండి."

"ఏమైంది?"

"స్ట్రెచర్ లోపలికి తోసేలోపే తలుపు మూసుకుపోతోందంట. తలుపు ఆగే టైం పెంచాలి, అంతే. చిన్న పనే కదా అని పాత ప్రోగ్రాం తీసేశాను. కొత్తగా రాసింది ఇది మింగట్లేదు. పద్ధతి మారినట్టుంది. మీ దాంట్లో ఉంటుంది కదా అని చూస్తే, ఇదిగో."

ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. తెరమీద రెండు వాక్యాలు. ఈ పత్రం చూడటానికి యజమాని అనుమతి కావాలి. మీ అభ్యర్థన యజమానికి పంపాం. దాని కింద యజమాని పేరు. నా పేరు.

"ఎప్పుడు అడిగారు?"

"మీరు లింకు పంపినరోజే. మొన్న ఇంకోసారి. ఇవాళ పొద్దున్నుంచి నొక్కుతూనే ఉన్నా. అందరిదీ ఇదే గొడవ. మేనేజరుగారికీ తెరుచుకోవట్లేదు."

"ఆయనకీనా? మరి నాకు చెప్పలేదే!"

"ఫోన్ చెయ్యనని మీకు మాటిచ్చారంట కదా. మొహమాటపడుతున్నారు."

నాకు అప్పుడు తెలిసింది. నేను పెట్టిన పత్రానికి యజమానిని నేను. నాకు ఎప్పుడు నొక్కినా తెరుచుకుంటుంది. తాళంచెవి కొంగున ముడేసుకున్న మనిషి, గడప బయట నిలబడ్డవాళ్ళని తలుపు తీసే ఉందిగా అని కసిరినట్టయింది నా వరస. అభ్యర్థనలన్నీ సెక్యూరిటీ విభాగం పేరుతో నాకు మెయిళ్ళుగా వచ్చే ఉంటాయి. వాళ్ళ మెయిళ్ళని మా ఆఫీసులో ఎవరూ చదవరు. అవి రాగానే వాటంతట అవే ఒక మూల పెట్టెలోకి పోయేలా అందరం ఏర్పాటు చేసుకున్నాం. నేనూ అంతే. వాళ్ళందరినీ బద్ధకస్తులని తిట్టుకుంటూ వాళ్ళ కేకలు వినపడకుండా ఆ మూల పెట్టెకి తలుపేసుకున్నది నేనే. సిగ్గేసింది. ఆ సిగ్గుని మొయ్యడానికి కూడా ఒంట్లో శక్తి లేదనిపించింది.

ఫోన్ తీసి ఆ పెట్టె తెరిచాను. అభ్యర్థనలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోదాన్నీ తెరవాలి, అనుమతించు అని నొక్కాలి, కారణం రాయాలి, పాస్‌వర్డ్ కొట్టాలి. టోపీ అభ్యర్థన ఎక్కడుందో వెతుకుతున్నాను. ఇంతలో చెల్లి నా భుజం పట్టుకుంది. ఇంకో నొప్పి వస్తోంది.

"అక్కా."

"ఒక్క నిమిషం."

అన్నాక విన్నాను నేనన్న మాట. చెల్లి నా మొహంలోకి చూసింది. కోపం కూడా లేదు దానికి. గోడకి ఆనుకుని, పళ్ళ బిగువున ఆ నొప్పి ఓర్చుకుని, ఊపిరి తీసుకుని అంది.

"నా దగ్గరుండాలని నువ్వు సెలవు పెట్టావు. నువ్వు సెలవు పెట్టావని లిఫ్టు ఆగిపోయింది. లిఫ్టు ఆగిపోయిందని నేను మెట్లెక్కాలి. బాగుందక్కా నీ ఉద్యోగం."

నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయం. ఆ గది భయం. నాకు తెలుసు.

ఫోన్ టోపీ చేతిలో పెట్టాను. పాస్‌వర్డ్ చెప్పాను. "మీది వెతికి ముందు మీకు ఇచ్చుకోండి. పని అయ్యాక మిగతావాళ్ళందరికీ ఇచ్చేయండి, నా పేరుతోనే."

"రూల్సు ఒప్పుకోవు కదక్కా. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని మెయిలు వచ్చింది."

"ఆ మెయిలు మీరు చదివారా?"

"లేదనుకోండి."

"నేనూ చదవలేదు" అని చెల్లి నడుం చుట్టూ చెయ్యేసి మెట్లెక్కించాను. నడవగలిగినంతసేపు నడవడం మంచిదేనని డాక్టరు ముందే చెప్పింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగి, అది పోయాక కదిలాం. వార్డు తలుపు దగ్గర నర్సు "తోడు ఎవరు?" అని అడిగింది. "నేనే" అన్నాను. చేతులు కడుక్కోమంది, నాకో పచ్చ గౌను తొడిగింది.

లోపల ఎంతసేపున్నామో నాకు లెక్క తెలియదు. చెల్లి నా చెయ్యి పట్టుకుంది, నేను దాని చెయ్యి పట్టుకున్నాను. చివరికి ఎవరిది ఎవరి చెయ్యో తెలియలేదు. అది అరిచినప్పుడల్లా "ఇక్కడే ఉన్నా, ఇక్కడే ఉన్నా" అన్నాను. ఇంకేం చెప్పడానికీ నాకు రాలేదు. జన్మంతా ఎదుటివాళ్ళకి జవాబులిచ్చినదాన్ని, అక్కడ నా దగ్గరున్నది ఆ ఒక్క మాటే. బిడ్డ బయటికొచ్చాక ఒక క్షణం గదంతా నిశ్శబ్దమైపోయింది. చెల్లి గోళ్ళు నా అరచేతిలో దిగాయి.

తర్వాత ఏడుపు.

"ఏడుస్తోందా అక్కా?"

"చెవులు చిల్లులు పడేలా ఏడుస్తోంది. వినపడట్లేదా?"

"వినపడుతోంది. నువ్వు చెప్తే వినాలని."

ఆడపిల్ల. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. నర్సు నాక్కూడా దూది అందించింది.

మధ్యాహ్నం చెల్లిని గదికి మార్చారు. స్ట్రెచర్ వరండాలోకి వచ్చేసరికి లిఫ్టు తలుపు తెరుచుకుని ఉంది. ఆయా తొందరపడకుండా స్ట్రెచర్ లోపలికి తోసేదాకా ఆగి, అప్పుడు మూసుకుంది. కింది అంతస్తులో గది ముందు టోపీ కాచుకుని ఉన్నాడు. పాపని చూసి పళ్ళన్నీ బయటపెట్టాడు.

"అందరికీ ఇచ్చేశానక్కా" అని ఫోన్ అందించాడు. "సెక్యూరిటీ వాళ్ళు కూడా అడిగారు. వాళ్ళకీ ఇచ్చాను."

"కారణం దగ్గర ఏం రాశారు?"

"చదువుకోవడానికి అని రాశాను. అందరికీ అదే. ఇంకేం తోచలేదు."

ఆయన వెళ్ళాక చెల్లి నిద్రపోయింది. నేను పాపని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో వాలాను. ఒళ్ళంతా ఎవరో చితక్కొట్టినట్టుంది. కళ్ళు మూతలు పడుతుంటే ఫోన్ మోగింది. పాప లేస్తుందేమోనని గబుక్కున ఎత్తాను. మేనేజరు.

"క్షమించాలి మేడం. చెయ్యనని కూడా చేస్తున్నాను. మీ డాక్యుమెంటేషన్ తెరుచుకున్నప్పటినుంచీ చదువుతున్నాను. మొత్తం చదివేశాను."

నేను నమ్మలేదు. "చెప్పండి" అన్నాను.

"కరెంటు పోతే తలుపు తెరిచి ఉంచాలి అని ఒకచోట రాశారు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఉంటే తలుపు మూసే ఉంచాలి అని ఇంకోచోట రాశారు. లిఫ్టు మధ్యలో ఉండగా కరెంటు పోతే? రెండిట్లో ఏ మాట చెల్లుతుంది?"

నిద్రమత్తు ఎగిరిపోయింది. ఆ రెండు వాక్యాలూ నేనే రాశాను, వేరువేరు రోజుల్లో. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు, పెద్దాయనకీ తట్టినట్టు లేదు. ఇన్నేళ్ళ ఒక్క నిమిషాల్లో ఎవరూ అడగని ప్రశ్న. మొదటినుంచి చివరిదాకా చదివినవాళ్ళు మాత్రమే అడగగలిగే ప్రశ్న. మనం వండింది ఎవరో కూర్చుని ఆఖరి మెతుకుదాకా తిన్నట్టనిపించింది.

"నాకు తెలియదండీ" అన్నాను.

నా నోటినుంచి ఆ మాట ఆయన వినడం అదే మొదటిసారి.

"మన వర్క్‌షాపులో ఖాళీ లిఫ్టు ఉంది కదా" అన్నాను. "మధ్యలో ఆపి కరెంటు తీసి చూడండి. ఏం జరిగిందో ఆ పేజీలోనే రాయండి."

"నేనా? నాకు చదివే అనుమతే ఉంది మేడం. రాయడానికి మళ్ళీ యజమాని..."

"ఆగండి" అన్నాను.

ఒక చేత్తో పాపని పట్టుకుని, బొటనవేలితో ఆ పత్రం పేజీకి వెళ్ళాను. యజమానిని మార్చు అని ఒక బటను ఉంది. ఇదివరకూ ఉండే ఉంటుంది, నేను చూడలేదు. మేనేజరు పేరు కొట్టాను. ఖాయమేనా అని అడిగింది. ఖాయమే అన్నాను.

"అయ్యో, నా పేరు వచ్చిందేంటి మేడం ఇక్కడ?"

"ఇకనుంచి మీరు చూసుకోండి. ఉంటానండీ, పాప కదులుతోంది."

ఫోన్ పెట్టేశాక, అలవాటు చొప్పున లింకు ఓసారి నొక్కాను. తెరమీద రెండు వాక్యాలు వచ్చాయి. ఈ పత్రం చూడటానికి యజమాని అనుమతి కావాలి. అభ్యర్థన పంపమంటారా?

పంపలేదు. చెల్లి కళ్ళు తెరిచి, "ఎవరే ఫోన్లో?" అంది.

"ఎవరూ లేరు, పడుకో" అని పాపని దాని పక్కలో పడుకోబెట్టాను.